సూక్ష్మజీవుల ఫొటోల్లో అందం వాటిదా, మనం వేసిన రంగుదా?

బయాలజీ_టీచర్: మా స్కూల్లో చిత్రకళా ప్రదర్శన పెడుతున్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలు మూడు పెద్ద సైజులో ప్రింట్ తీయిస్తానన్నాను: ఒక బ్యాక్టీరియా, ఒక వైరస్, ఒక డయాటమ్ (నీళ్లలో బతికే ఒకే కణం ఉన్న నాచు). డ్రాయింగ్ మాస్టారు ఒప్పుకోలేదు. "గీసినవాడు లేని బొమ్మ కళ ఎలా అవుతుందమ్మా? సైన్సు గదిలో పెట్టుకోండి" అన్నారు. నాకేమో వాటి మీంచి కళ్లు తిప్పుకోబుద్ధి కావట్లేదు. మీరేమంటారు?

తిన్నగా_చెప్తా: మాస్టారిదే కరెక్టు, కారణం మాత్రం వేరే. ఆ మైక్రోస్కోప్ వెలుగుతో కాదు, ఎలక్ట్రాన్లతో బొమ్మ కడుతుంది. వచ్చేది నలుపు తెలుపే. మీరు చూసిన నీలం, నారింజ తర్వాత కంప్యూటర్లో ఎవరో వేసినవి. 2020లో ఊరూవాడా చూసిన కరోనా బొమ్మ, అదే, బూడిదరంగు బంతికి ఎర్రటి కొమ్ములు, అది ఫొటో కూడా కాదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీలో చిత్రకారులు తయారుచేసింది. వైరస్ వెలుగు తరంగం కన్నా చిన్నది, దానికి రంగెక్కడిది? బ్రిటన్ కళాకారుడు లూక్ జెరమ్ వైరస్ శిల్పాలను రంగులేని గాజుతో చేయించింది ఇందుకే. మీరు మెచ్చుకుంటున్నది రంగులేసినవాణ్ణండీ, వైరస్‌ని కాదు.

పెట్రీ_డిష్: వైరస్ వరకు ఒప్పుకుంటాను. బ్యాక్టీరియా సంగతి వేరు, వాటిలో కొన్నిటికి సొంత రంగుంది. సెర్రాషియా కుంకుమలా ఎర్రగా పెరుగుతుంది, క్రోమోబ్యాక్టీరియం వంకాయ రంగు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వీటితోనే బొమ్మలు వేసేవాడు. బ్యాలే నర్తకి, సైనికులు, ఇల్లు, ఇలాంటివి. 2015 నుంచి అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ వాళ్లు ఇందుకోసం అగర్ ఆర్ట్ (అగర్ అంటే బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) పోటీయే నడుపుతున్నారు.

నేనూ ల్యాబ్‌లో ఒకసారి ప్రయత్నించాను. గీస్తున్నప్పుడు ప్లేటు మీద ఏమీ కనబడదు. తడి సుద్దతో ముగ్గేస్తే ఆరాక తెల్లబడుతుంది చూడండి, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ ఆరడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, పైగా ముగ్గు తనంతట తాను పక్కకి పాకుతుంది! సెర్రాషియాని 37 డిగ్రీల్లో ఉంచితే ఎరుపే రాదు, గది వేడిమిలో పెట్టాలి. నేను అది మర్చిపోయి ఎర్ర మందారం వేద్దామని పాలిపోయిన మచ్చ వేశాను. గీసేవాడు ఉన్నాడు, కానీ సగం పని వాడి చేతిలో లేదు. మీ మాస్టారు దీన్ని ఏమంటారో అడగండి.

రాత్రి_డ్యూటీ: మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు రిపోర్టులో వచ్చిన పేరు ఈ సెర్రాషియానే. కుంకుమ, మందారం అని చదువుతుంటే కడుపులో తిప్పుతోంది. క్షమించండి, నాకు అందం అనే మాట నోట రాదు.

పెట్రీ_డిష్: మీరు క్షమాపణ చెప్పాల్సిన పనేముందండీ. మందారం మాట నేను తెలియక అన్నాను. ఇకపై దాని గురించి ఏం వాదించను.

గీతల_పిచ్చి: అందరూ రంగు దగ్గరే ఆగిపోయారు. ఆకారం సంగతేంటి? చెరువు మెట్ల మీద కాలు జారే ఆ గోధుమరంగు పాచిలో బోలెడు డయాటమ్‌లు ఉంటాయి. వాటి గుల్ల సిలికా, అంటే దాదాపు గాజే. దాని మీద వరసలుగా రంధ్రాలు, జల్లెడలాగా. అవి ఎవరూ పూసినవి కావు.

అలాగని గీసినవాణ్ణీ పూర్తిగా నమ్మకండి. జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1899 నుంచి 1904 దాకా 100 చిత్రపటాల్లో రేడియోలేరియా (సముద్రంలో ఉండే ఒకే కణం జీవులు) లాంటి జీవుల్ని గీశాడు. ఉన్నదానికన్నా తీర్చిదిద్ది వేశాడని విమర్శలున్నాయి. అయినా 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనకి ఫ్రెంచ్ వాస్తుశిల్పి రెనె బినె కట్టిన ముఖద్వారం ఆ రేడియోలేరియాని చూసి రూపొందించిందే. నా మటుకు హెకెల్ బొమ్మల కన్నా సైడుకి విరిగిన డయాటమ్ ఫొటోయే నచ్చుతుంది.

తిన్నగా_చెప్తా: విరిగినదా? మీ టేస్టు మీది. ఆకారం విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బయాలజీ_టీచర్: ఇదంతా మాస్టారికి చదివి వినిపించాను. ఫ్లెమింగ్ గురించి విని "అది సరే, గీశాడు కదా" అన్నారు. నా ఫొటోల దగ్గర మాత్రం మెత్తబడలేదు. చివరికి "రంగు తీసేసి తెండి, చూద్దాం" అన్నారు. నలుపు తెలుపులో మళ్లీ తీయించాను. చెప్పడానికి కష్టంగా ఉంది, బ్యాక్టీరియా, వైరస్ రెండూ నాకే వెలవెలబోయాయి. డయాటమ్ మాత్రం రంగు పోయిందనిపించనే లేదు. ఆ ఒక్కటీ మాస్టారు తీసుకున్నారు. మిగతా రెండూ సైన్సు గదికే, రంగులతోటే.