తక్కువ ఖర్చులో కొద్దిపాటి ఓవర్‌క్లాకింగ్‌కి ఏ మదర్‌బోర్డ్ మంచిది?

అందరికీ నమస్కారం. రైజెన్ 5 5600 ప్రాసెసర్ కొన్నాను, మదర్‌బోర్డ్ విషయంలోనే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఓవర్‌క్లాకింగ్‌లో, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువగా నడపడంలో, రికార్డులు కొట్టాలని లేదు. ఆరు కోర్లూ 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా నడిస్తే చాలు. నేను ఎక్కువగా చేసేది వీడియో ఎడిటింగ్, ఒక్కో రెండర్ గంటల తరబడి సాగుతుంది.

ఏ520 చిప్‌సెట్‌లో (మదర్‌బోర్డ్‌కి ఏయే సౌకర్యాలు ఉండాలో తేల్చే చిప్) ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కి వీలు లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను. మిగిలినవి బీ450, బీ550. నా అసలు టెన్షన్ చిప్‌సెట్ గురించి కాదు, ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎం గురించి. దాని మీద హీట్‌సింక్ లేని చవక బోర్డు ఒకటి ఇంతకు ముందు వాడాను. రెండర్ మొదలైన పావుగంటకే అది వేడెక్కి, ప్రాసెసర్ స్పీడు దానంతట అదే పడిపోయేది. కూలర్ మార్చినా లాభం లేకపోయింది. మళ్లీ ఆ అవస్థ పడలేను.

బాక్సు మీద రాసే ఫేజ్‌ల (వీఆర్‌ఎంలో కరెంటు భారాన్ని పంచుకునే భాగాల) సంఖ్యను ఎంతవరకు నమ్మొచ్చు? ఈ 65 వాట్ల ప్రాసెసర్‌కి మంచి హీట్‌సింక్ ఉన్న బీ450 సరిపోతుందా, లేక బీ550కే వెళ్లాలా? బీ550లో పీసీఐఈ 4.0 (ఎస్ఎస్‌డీ లాంటివి బోర్డుకి కలిపే కనెక్షన్‌లో 3.0 కంటే వేగమైన వెర్షన్) వస్తుంది, కానీ నా ఎస్ఎస్‌డీ 3.0దే. ఇంకొకటి, పాత స్టాక్ బీ450 బోర్డు బయోస్ (బోర్డుని ఆన్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకపోతే ఈ ప్రాసెసర్‌తో ఆన్ కాకపోవచ్చు. నా దగ్గర వేరే ప్రాసెసర్ లేదు, అందుకే ప్రాసెసర్ పనిచేయకపోయినా బయోస్ అప్‌డేట్ చేయగలిగే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డే కావాలి.

ఇదే ప్రాసెసర్‌ని ఇలా నడుపుతున్నవాళ్లు ఉంటే ఏ బోర్డు వాడుతున్నారో, ఎంత వోల్టేజ్ పెట్టారో, రెండర్ సమయంలో వీఆర్‌ఎం ఎంత వేడెక్కుతోందో దయచేసి చెప్పండి.