కాళ్ళ నిండా ఈకలుండే పొట్టి కోళ్ళు: చిన్న తోటలో పెంచుకోవచ్చా?

పెరటితోట:

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక చిన్న తోట ఉంది. సగం గడ్డి, సగం కూరగాయల మడులు. మాంసం కోసం కాదు, గుడ్ల మీద కూడా పెద్ద ఆశ లేదు. పిల్లలు ఎత్తుకుని ముద్దు చేయడానికి, సాయంత్రం పూట చూస్తూ కూర్చోవడానికి రెండు మూడు కోళ్ళు కావాలి. పెకిన్ బాంటమ్ అనే పొట్టి కోళ్ళ ఫొటోలు చూశాక మనసంతా వాటి మీదే ఉంది. కాలివేళ్ళ దాకా ఈకలు, నేలని తాకే గుండ్రటి ఒళ్ళు, భలే ముచ్చటగా ఉన్నాయి.

కానీ వానలప్పుడు ఆ కాళ్ళ పరిస్థితి ఏంటి? మొక్కల్ని బతకనిస్తాయా? పుంజు తప్పనిసరా? పెకిన్, సిల్కీ, ఇంకా గడ్డం ఉండే రకమేదో ఉందంటున్నారు. మొదటిసారి పెంచేవాళ్ళకి వీటిలో ఏది నయం? పెంచిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

ఈకలకాళ్ళు:

పెకిన్‌లే తెచ్చుకోండి. అయితే ముందు నేల సంగతి చూసుకోండి. పెద్ద వాన పడిన మర్నాడు తోటంతా ఒకసారి నడవండి. మీ చెప్పులకి ఎంత బురద అంటిందో చూస్తే, వాటి కాళ్ళకి ఎంత అంటుతుందో తెలిసిపోతుంది. నేను చెప్పేదాంట్లో సగం కాళ్ళ గురించే ఉంటుంది. ఏమీ అనుకోకండి, ఈ కోళ్ళకి వచ్చే ఇబ్బందులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

బురద, రెట్ట కలిసి వేళ్ళ చుట్టూ ఉండ కడతాయి. ఎండితే బిగుసుకుపోయి వేలికి రక్తం అందకుండా చేస్తాయి. అలాంటి ఉండని ఎప్పుడూ పీకకండి, దానితో పాటు గోరు ఊడి వచ్చేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు నాననిచ్చి, మెత్తబడ్డాక వేళ్ళతో మెల్లగా నలిపి తీయండి. తర్వాత తువ్వాలుతో అద్ది, పూర్తిగా ఆరాకే బయటికి వదలండి. పెకిన్‌లు సాధువులు కాబట్టి ఈ పని చేస్తున్నంతసేపూ ఒళ్ళో బుద్ధిగా కూర్చుంటాయి. నాకు ఆ జాతి మీద అంత ఇష్టం కలగడానికి అదొక కారణం.

కాలికి కొత్తగా మొలిచే ఈకలో రక్తం పారుతూ ఉంటుంది. అది విరిగితే చిన్న దెబ్బకే చాలా రక్తం కారుతుంది. ఆ ఎరుపు కనబడగానే మిగతా కోళ్ళు అక్కడే పొడవడం మొదలుపెడతాయి. వెంటనే దాన్ని విడిగా పెట్టి, కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి. గాయం మానేదాకా మందలో కలపకండి.

ఇక కాలి పొలుసుల కింద దూరే పురుగు. కంటికి కనబడదు. పొలుసులు పైకి లేచి, తెల్లటి పొట్టు కట్టి, కాలు మందంగా తయారవుతుంది. మామూలు కోడికైతే దూరం నుంచే తెలిసిపోతుంది, వీటికి ఈకలు కప్పేసి ఉంటాయి కాబట్టి కుంటడం మొదలుపెట్టేదాకా తెలియకపోవచ్చు. అందుకే వారానికోసారి చేతిలోకి తీసుకుని, ఈకలు పక్కకి తప్పించి చూడటం అలవాటు చేసుకోవాలి. మొదట్లోనే పట్టుకుంటే పొలుసుల మీద పెట్రోలియం జెల్లీ దట్టంగా రాస్తుంటే పురుగు ఊపిరాడక చస్తుంది. లేచిన పొలుసుల్ని గీకకండి, అవి మెల్లగా వాటంతటవే రాలిపోతాయి. ముదిరితే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

రకాల విషయానికొస్తే, పెకిన్ పెట్ట బరువు 600 గ్రాములు కూడా ఉండదు. పుంజు 700 లోపే. 1860 ప్రాంతంలో చైనా నుంచి బ్రిటన్‌కి చేరాయి, పేరు కూడా పెకింగ్ (ఇప్పటి బీజింగ్) నగరం నుంచి వచ్చిందే. అమెరికాలో వీటినే కొచిన్ బాంటమ్ అంటారు. సరిగ్గా ఎగరలేవు, రెండడుగుల వల కడితే చాలు, దాటవు. గడ్డం ఉండే రకమన్నారే, అది బెల్జియం జాతి, బార్బు డ్యూక్ల్. చాలా అందంగా ఉంటుంది, కానీ చురుకైనది, ఎగురుతుంది కూడా, పైన వల లేకపోతే ఆగదు. సిల్కీ మరీ సాధువు. కాకపోతే దాని ఈకలు పత్తిలా ఉంటాయి, వాననీటిని ఆపలేవు, తడిస్తే చర్మం దాకా తడిసిపోతుంది. వానలు ఎక్కువుండే చోట మొదటి కోడిగా నేను సిల్కీని చెప్పను.

మొక్కలంటారా, పెద్ద కోళ్ళంత తవ్వవు. ఆ కాళ్ళతో అంత గట్టిగా గీరలేవు. కానీ లేత నారు, ఆకుకూర కనబడితే వదలవు. మెత్తటి మడి దొరికితే అందులోనే పొర్లుతాయి. పొర్లడం వాటికి స్నానంతో సమానం, పేలు పట్టకుండా ఉండేది దానివల్లే, కాబట్టి ఆపకూడదు. పొడి మట్టి, ఇసుక కలిపి వెడల్పాటి తొట్టి ఒకటి నీడలో పెట్టండి, మడుల చుట్టూ పొట్టి కంచె వేయండి.

పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పిల్లలవ్వవు, అంతే. ఒళ్ళు చిన్నదే కానీ బాంటమ్ పుంజు కూత సన్నగా, చాలా దూరం వినబడుతుంది. కోడిపిల్లలుగా కొంటే పుంజో పెట్టో తేల్చుకోవడం కష్టం. కాస్త ఎదిగిన పెట్టల్నే అడిగి తెచ్చుకోండి.

గుడ్డుసొన:

పైన చెప్పినవన్నీ నిజమే. పొదుగు సంగతి కూడా కలుపుతాను. పెకిన్‌లు, సిల్కీలు ఏడాదిలో చాలాసార్లు పొదుగుకి కూర్చుంటాయి. గుడ్లు లేకపోయినా ఉత్త గడ్డి మీద కూర్చుని రోజంతా లేవవు. తిండి, నీళ్ళు సరిగా ముట్టక చిక్కిపోతాయి. గుడ్లు ఎప్పటికప్పుడు తీసేస్తూ, రోజూ చేత్తో లేపి మేత దగ్గర దింపాలి. అలా మానకపోతే కింద కూడా గాలి తగిలేలా వల అడుగున్న బోనులో కొన్ని రోజులు ఉంచితే పొట్ట చల్లబడి మామూలైపోతుంది. మేత, నీళ్ళు బోనులోనే పెట్టాలి.

కొనేచోట మారెక్స్ వ్యాధికి (వైరస్ వల్ల కోళ్ళకి కాళ్ళు, రెక్కలు పడిపోయే జబ్బు) టీకా వేశారా అని అడగండి. అది పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి రోజే వేయాల్సిన టీకా, తర్వాత వేస్తే పెద్దగా పనిచేయదు. సిల్కీలు ఆ జబ్బుకి త్వరగా లొంగుతాయి.

పెరటితోట:

చాలా థాంక్స్ అండి. మాది బంకమట్టి నేల, వాన పడితే రెండు రోజులు జిగురుగా ఉంటుంది. అలాంటప్పుడు వద్దనుకోవడమేనా? కాళ్ళ ఈకలు కత్తిరించేస్తే సరిపోతుందా? పిల్లలకేమైనా జాగ్రత్తలు ఉంటే కూడా చెప్పండి.

ఈకలకాళ్ళు:

వద్దనుకోనక్కర్లేదు. గూడు ముందు కొంత మేర పైకప్పు వేసి, నేల కాస్త ఎత్తు చేసి ఇసుక పోయండి. తడి రోజుల్లో అవి అక్కడే ఉంటాయి, ఎండ వచ్చాక తోటలోకి వదలండి. మరీ వానలుండే నెలల్లో కాళ్ళ ఈకలు పొట్టిగా కత్తిరించవచ్చు, దానివల్ల నొప్పి ఉండదు. అయితే ముదిరిన ఈకల్నే కత్తిరించాలి. మొదలు దగ్గర నల్లగా, నీలంగా కనిపించే లేత ఈకలో రక్తం ఉంటుంది, దాని జోలికి పోకండి.

గూట్లో కోళ్ళు కూర్చునే కర్ర అడుగు ఎత్తు కంటే పైన పెట్టకండి, వెడల్పుగా ఉండాలి. ఎత్తు నుంచి దూకితే అరికాలు దెబ్బతిని పుండు పడుతుంది. కింద పరిచింది తడిసిన రోజే మార్చేయండి. వల సన్న కన్నులది వాడండి, పెద్ద కన్నుల వలలోంచి ఎలుకలు దూరతాయి. అప్పుడప్పుడు రాత్రిపూట టార్చి వేసి కర్ర చివరలు, పగుళ్ళు చూడండి. ఎర్ర పురుగులు పగలు అక్కడ దాక్కుని రాత్రి కోడి రక్తం తాగుతాయి. పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు.

పిల్లలు ఎత్తుకోవడానికి భయం లేదు. కింద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవడం నేర్పండి. ముద్దు పెట్టుకోవడం, ముఖానికి ఆనించుకోవడం మాత్రం వద్దు. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా (మనుషులకి విరేచనాలు తెప్పించే బాక్టీరియా) ఉండొచ్చు. కోడిని కిందికి దింపగానే సబ్బుతో చేతులు కడిగించండి. ఐదేళ్ళ లోపు పిల్లలైతే కోళ్ళని ముట్టుకోనివ్వకపోవడమే మంచిది.

ఒంటరిగా ఒక్కదాన్ని తేకండి, బెంగపెట్టుకుంటుంది. మూడు పెట్టలు ఒకేసారి, ఒకే చోట నుంచి తెచ్చుకోండి. విడివిడిగా తెస్తే కొత్తదాన్ని పాతవి పొడుస్తాయి. కొనేముందు ఒక్కొక్కదాన్నీ ఎత్తి, కాళ్ళ ఈకలు తప్పించి పొలుసులు నున్నగా ఉన్నాయో లేదో చూడండి. లేచి ఉంటే ఆ మందలోంచి ఏదీ తీసుకోకండి.