పాటలకిచ్చిన స్టార్లు పెన్‌డ్రైవ్‌లోకి రావట్లేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్

చీపురుపల్లి శ్రోత:
నిన్న సాయంత్రం నుంచి దీంతోనే కూర్చున్నాను, తెల్లారిపోయింది గాని పనవ్వలేదు. మేము నలుగురం ఉన్నాం, రాజాంలో ఒకడు, నరసన్నపేటలో ఒక అన్నియ్య, విజయనగరంలో ఒక టీచరమ్మ, నేను. నెలకోసారి ఎవరికి నచ్చిన పాటలు వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసి మిగతా ముగ్గురికీ ఇస్తాం, విన్నవాళ్ళు 5కి ఇన్ని స్టార్లని ఇవ్వాలి. నావి 80ల్లో ఇళయరాజా పాటలు, రాజాం వాడివి హిప్‌హాప్, మెటల్, టీచరమ్మవి త్యాగరాజ కీర్తనలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, అన్నియ్యవి జముకుల కథ, తప్పెటగుళ్ళు, ఊళ్ళు తిరిగి తనే రికార్డు చేసుకున్నవి. మనకి అలవాటు లేని పాటైనా సరే చివరికంటా వినాలి, మధ్యలో ఆపేసి స్టార్లు ఇవ్వకూడదు, అదీ రూలు. అన్నీ వినీ ఇచ్చీ కాపీ చేసి పంపితే వాళ్ళ దగ్గర ఒక్క స్టారూ కనపడట్లేదట. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టాను, వేరేది కొన్నాను, అదే తంతు. ఆదివారం అందరం కలుస్తున్నాం, ఏటి చెయ్యాలో చెప్పండి.

గరివిడి కుర్రాడు:
ఫోనా, కంప్యూటరా? ఏ యాప్? ఫైళ్ళు ఎమ్‌పీ3 లేనా? ఇవి చెప్పకపోతే ఎవరూ ఏటీ చెప్పలేరు.

బొబ్బిలి వీణ:
స్టార్ల సంగతి తర్వాత, ముందు ఆ పాటలు ఎంత కేబీపీఎస్‌లో, అంటే సెకనుకి ఎంత డేటాతో ఉన్నాయో చూసుకోండి బాబూ. సీడీలో ఉన్నది సెకనుకి 1411 కిలోబిట్లు, మీ చేతికొచ్చేసరికి 128 అవుతుంది, ఇంకా కిందకి కూడా పోతుంది. సినిమా పాటకి పెద్దగా తెలీకపోవచ్చు గాని తప్పెటగుళ్ళలో కాళ్ళ గజ్జెలుంటాయే, అవి ముందు పాడవుతాయి, అంతమంది ఒక్కసారి అడుగేసినప్పుడు గల్లుమనాల్సింది నూనెలో ఏదో వేగుతున్నట్టు చుయ్‌మంటుంది. దానికి 2 స్టార్లిచ్చి జానపదం బాలేదంటే ఆ కళాకారులకి అన్యాయం. ఇంకోటి, 128 ఫైలుని 320కి మార్చినంత మాత్రాన పోయింది తిరిగి రాదు, సైజు పెరుగుతుందంతే. అన్నియ్య గారిని ఒరిజినల్ రికార్డింగు ఫ్లాక్‌లో ఇమ్మనండి, అది శబ్దం పాడవకుండా సైజు తగ్గించే ఫార్మాట్.

గరివిడి కుర్రాడు:
ఆయన అడిగింది అది కాదు గురూ.

బొబ్బిలి వీణ:
మార్కులెయ్యడం గురించే కదా అడిగారు, సరిగ్గా వినపడని దానికి మార్కులెలా వేస్తారనే నేనూ అంటున్నాను.

పాలకొండ రోడ్డు:
శ్రోత గారూ, మీరు ఫోన్‌లో ఇచ్చుంటారు, అక్కడే ఉంది చిక్కు. చాలా ఫోన్ ప్లేయర్లు స్టార్లని పాట ఫైలులో రాయవు, తమ సొంత డేటాబేస్‌లో పెట్టుకుంటాయి. మీరు కాపీ చేసింది పాట ఒక్కటే, స్టార్లు ఫోన్‌లోనే ఉండిపోయాయి, ఇక పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు మార్చినా రావు. కంప్యూటర్‌లో ఐట్యూన్స్ కూడా అంతే, రేటింగు తన లైబ్రరీలోనే ఉంచుకుంటుంది. ఎమ్‌పీ3 అయితే ఫైలు లోపల పాట పేరు, పాడినవాళ్ళ పేరు లాంటివి రాసుండే ఐడీ3 ట్యాగుల్లో పాప్యులారిమీటర్ అని ఒక గది ఉంది, అందులో 0 నుంచి 255 దాకా అంకె రాయొచ్చు. విండోస్‌లో పాట మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకెళ్తే రేటింగ్ ఎదురుగా ఖాళీ స్టార్లుంటాయి, అక్కడ నొక్కి ఓకే కొడితే ఆ గదిలో పడుతుంది. 1 స్టారుకి 1, 2కి 64, 3కి 128, 4కి 196, 5కి 255 అని రాస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ ఈ అంకెల్ని తన లెక్కలో చదువుకుంటే స్టారు అటూ ఇటూ అవ్వచ్చు, అందుకని నలుగురూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడుకోండి.

చీపురుపల్లి శ్రోత:
అవునండీ ఫోన్‌లోనే ఇచ్చాను. మరి నలుగురి స్టార్లూ ఒకే ఫైలులో ఉంటాయా? అన్నియ్య ఇచ్చినవన్నీ వేవ్ ఫైళ్ళు, వాటికి డీటెయిల్స్‌లో రేటింగ్ నొక్కనివ్వట్లేదు. ఇంకోటి చెప్పలేదు, ఇవన్నీ వ్యాన్‌లో స్టీరియోకి పెట్టి వినాలి.

గరివిడి కుర్రాడు:
వ్యాన్ స్టీరియో స్టార్లు చూపించదు. ఇది ముందే చెప్పాల్సింది.

నాగావళి:
నాకొక సందేహం. కీర్తనకీ ర్యాప్‌కీ ఒకే 5 స్టార్ల కొలతేటండి? కీర్తన వినేటప్పుడు రాగం, సంగతులు చూస్తాం, ర్యాప్‌లో మాట తాళం మీద ఎలా పడుతుందో చూస్తాం. రకానికొక లిస్టు పెట్టుకోండి. వంగపండు ప్రసాదరావు గారి పాటలు ఇచ్చారనుకోండి, ఏ రకంలో పెడతారు? నన్నడిగితే ఉద్యమ గీతాల్లో పెట్టాలి, జానపదంలో కాదు.

బొబ్బిలి వీణ:
ఎందుకు కాదు? ఆ బాణీలు ఎక్కడివి, మన పార్వతీపురం వైపు జనం పాడుకునేవే. జానపదమే.

నాగావళి:
బాణీ జనానిదే, రాసింది ఆయన. ఆయన పాడిన జననాట్యమండలి 1972లో మొదలైంది పోరాటం కోసం. ఎవరు కట్టారో తెలీకుండా తరాల నించి నోటికొచ్చిన పాటా, పేరున్న కవి కట్టిన పాటా ఒకటేనా?

బొబ్బిలి వీణ:
ఇంకో వందేళ్ళకి అదీ ఊరి పాటే అవుతుందమ్మా, ఇప్పటికే సగం ఊళ్ళల్లో ఆయన పేరు తెలీకుండానే పాడుతున్నారు.

పాలకొండ రోడ్డు:
పాట ఏ రకమో రాసే జానర్ ట్యాగులో రెండూ రాసుకోవచ్చు, ఐడీ3 2.4లో ఒకటి కంటే ఎక్కువ పడతాయి. శ్రోత గారి ప్రశ్నకి వస్తాను. ఆ పాప్యులారిమీటర్ గదిలో అంకెతో పాటు ఎవరిచ్చారో ఈమెయిల్ రాసే చోటు కూడా ఉంది, మనిషికొకటి చొప్పున ఒకే పాటలో ఎన్నయినా పెట్టచ్చు. మీ నలుగురికీ సరిపోయేలాగే చేశారు గాని విండోస్ మాత్రం ఈమెయిల్ చోట విండోస్ మీడియా ప్లేయర్ 9 సిరీస్ అని తన పేరే రాస్తుంది. అంటే టీచరమ్మ ఇచ్చిన 5 మీద రాజాం అబ్బాయి 3 కొడితే ఆవిడ 5 పోతుంది. అందుకని స్టార్లు ఫైల్లో పెట్టకండి. షీట్ ఒకటి చేసుకోండి, పాటకొక వరస, మనిషికొక గడి, పక్కన ఎందుకు నచ్చిందో ఒక మాట రాసే చోటు. నాగావళి గారి ఇబ్బంది కూడా తీరుతుంది, కీర్తనకి ఏం చూసి ఇచ్చారో ఆ మాటలో ఉంటుంది కదా. వేవ్‌లని వ్యాన్ కోసం 320 ఎమ్‌పీ3 చేసుకోండి, ఒరిజినల్స్ మాత్రం తీసెయ్యద్దు. స్టీరియోలు చాలావరకు పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయితే అది ముందు పాడతాయి, లేదా పేరుని బట్టి పాడతాయి, అందుకని పేర్ల ముందు 001, 002 అని వేసి అదే వరసలో కాపీ చెయ్యండి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, తెలుగు ఫాంటు లేని స్టీరియోలో డబ్బాలొస్తాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి.

బొబ్బిలి వీణ:
320 అంటే పర్లేదు. గజ్జెలు బతుకుతాయి.

చీపురుపల్లి శ్రోత:
షీట్ చేస్తున్నాను, థాంక్సండీ. టీచరమ్మ పాత పాటలు కొన్ని క్యాసెట్ల మీదే ఉన్నాయట, అవి కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఏం కావాలి?

గరివిడి కుర్రాడు:
దానికి వేరే పోస్టు పెట్టండి. ఈసారి ఏ ప్లేయరో, దానికి ఏ పిన్ను ఉందో ముందే రాయండి.

నాగావళి:
వీణ గారూ, వందేళ్ళ మాట నేనొప్పుకోను. పాట ఊరిదైపోయినా రాసినాయన పేరు ట్యాగులో ఉండాలి.