తోటపని చేసే ఆవిడ దొంగను ఎలా పట్టుకోవాలి? కథకు ఆనవాళ్ళు కావాలి

ప్రశ్న:
నమస్కారం అండి. సరదాగా సాగే డిటెక్టివ్ నవల ఒకటి రాస్తున్నాను. కథ కడియపులంకలో జరుగుతుంది. సత్తెమ్మ ముప్పై ఏళ్ళుగా నర్సరీలో పని చేస్తున్న మనిషి. కార్తీక మాసంలో ఒక రాత్రి, యజమాని ప్రాణంగా చూసుకునే మర్రి బోన్సాయ్ మాయమవుతుంది. హత్యలూ రక్తాలూ వద్దు. సీసీ కెమెరా, వేలిముద్రలు పెడితే ఎస్సైగారే పట్టేసుకుంటారు, ఇక సత్తెమ్మ ఎందుకు? మొక్కలతో బతికేవాళ్ళకే కనిపించే ఆనవాళ్ళు కావాలి. దొంగ రాత్రి రెండింటికి అత్తిపత్తి తొక్కుకుంటూ వెళ్తాడు, ముడుచుకున్న ఆకులను బట్టి ఆవిడ దారి కనిపెడుతుంది అనుకున్నాను. బాగుంటుందా?

జవాబు (నర్సరీ నడిపేవారు):
అత్తిపత్తి తీసేయండి. చీకటి పడితే ఎవరూ ముట్టుకోకపోయినా ముడుచుకునే ఉంటుంది. పగలు తొక్కినా కొద్ది నిమిషాల్లో మళ్ళీ విచ్చుకుంటుంది. “ఇప్పుడే ఎవరో ఇటు వెళ్ళారు” అనే పగటి సీను ఉంటే అక్కడ వాడుకోండి.

మీకు కావలసింది పారిజాతం. సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది. నేల మీద రాలినా పూజకు పనికొచ్చే పువ్వు కాబట్టి, కార్తీకంలో సత్తెమ్మ చీకటితోనే సజ్జ పట్టుకుని చెట్టు కిందికి వస్తుంది. నేలంతా తెల్లటి పూలు, నారింజ రంగు కాడలు. మధ్యలో మాత్రం మంచమంత చోట ఒక్క పువ్వూ లేదు. అంటే పూలు రాలుతున్నంతసేపూ అక్కడ ట్రాలీ ఆటో ఆగి ఉంది, ఆవిడ రావడానికి కాస్త ముందే కదిలింది. రాత్రి పదకొండుకే వెళ్ళిపోయానన్న డ్రైవరు అబద్ధం అక్కడే దొరికిపోతుంది. ఆటో తొట్టిలోనూ పూలు ఉంటాయి, అది మరిచిపోకండి.

ఇంకొకరు:
మల్లె కూడా పెట్టొచ్చు కదండీ? ఆ రోజు పూత మీదున్న మల్లెల్ని కత్తిరిస్తున్నానని ఒకడు చెబుతాడు. పూతలో ఉండగా తోటపని తెలిసినవాడు ఎవడూ కత్తెర పెట్టడు.

నర్సరీ నడిపేవారు:
ఆలోచన మంచిదే కానీ ఈ కథలో కుదరదు. మల్లె ఎండాకాలపు పువ్వు. చలికాలంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తాం. పారిజాతం వానాకాలం చివర నుంచి చలి వరకూ పూస్తుంది. రెండిటినీ ఒకే రోజు పూయిస్తే మా వైపు పాఠకులు పుస్తకం మూసేస్తారు. మల్లెను రెండో నవలకు దాచుకోమనండి.

దాని బదులు ఉత్తరేణి. వినాయక చవితి పత్రిలో ఉంటుందే, అదే. నర్సరీ లోపల కలుపు ఉండనివ్వం, కాలువ గట్టు మీద మాత్రం విపరీతం. దాని గింజలు పంచె అంచుకు, ప్యాంటు కాళ్ళకు వరసగా గుచ్చుకుంటాయి. గేటు నుంచే వచ్చానన్న మనిషి కాళ్ళ దగ్గర అవి కనిపిస్తే, గట్టు దిగి వచ్చాడన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
ప్రాణం లేచొచ్చిందండీ! ఇంక ముగింపు ఒక్కటే టెన్షన్. దొంగ దొరికే సీను నవ్వు తెప్పించాలి, కానీ ఎవరినీ చిన్నబుచ్చకూడదు.

నర్సరీ నడిపేవారు:
దొంగనే సత్తెమ్మ దగ్గరికి రప్పించండి. బోన్సాయ్ తొట్టి లోతు తక్కువ, మట్టి త్వరగా ఆరిపోతుంది. ఎండలో పెరిగిన మర్రిని తీసుకెళ్ళి గదిలో దాస్తే ఆకులు పసుపెక్కి రాలతాయి. నాలుగో రోజుకు దొంగకు భయం పట్టుకుంటుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది “మా ఫ్రెండ్ వాళ్ళ మొక్క అండి” అనే మొదలుపెడతారు. ఇతనూ అలాగే వస్తాడు. “మా ఫ్రెండ్ వాళ్ళ మర్రి ఆకులు రాలుస్తోంది, చిన్న తొట్టిలో ఉంటుంది, ఏం చేయమంటారు?”

సత్తెమ్మ వెంటనే పట్టుకోకూడదు. ముందు చెట్టు బతకాలి. “గదిలోంచి తీసి వెలుతురులో పెట్టు నాయనా, తడి చూసి నీళ్ళు పొయ్యి” అని పూర్తిగా చెప్పి, తర్వాత అడగాలి: “తొట్టికి కుడిపక్కన చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, అవునా?” అతను అవునంటాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇదే ముగింపు, ఇంకేం మార్చను. ఒక్క చిన్న సందేహం: నాలుగు రోజుల తర్వాత కూడా ఉత్తరేణి గింజలు బట్టకు ఉంటాయా? ఉతికితే పోవా?

ఇంకొకరు:
ఉతికినా సులువుగా పోవండి. కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో పీకాల్సిందే. పొలం నుంచి వచ్చిన మా నాన్నగారి పంచెకు ఎన్నిసార్లు పీకానో.