దట్టమైన బొచ్చున్న పోనీకి ఏ క్లిప్పింగ్ మిషన్ మంచిది?

జడ్చర్ల_సవారీ:
అన్నలూ, మా దగ్గర భూటియా (హిమాలయాల దిక్కు పొట్టి గుర్రం జాతి) క్రాస్ పోనీ ఉన్నది, ఎనిమిదేండ్లది. చలికాలంల బొచ్చు వేలెడు పొడుగు పెరుగుతది. శివరాత్రి దాటితే మన పాలమూరు ఎండ సంగతి తెలిసిందే. కొంచెం నడిపించినా చెమటతోని తడిసి గంటదాకా ఆరుతలేదు. కుక్కల ట్రిమ్మర్ పెడితే ఒక భుజం కాకముందే కాలిపోయేటంత వేడెక్కింది. ఊర్ల కురుమోళ్ల దగ్గర గొర్ల ఉన్ని తీసే మిషన్ ఉన్నది, అడిగితే ఇస్తరు. అది నడుస్తదా, గుర్రాలదే కొనాల్నా?

దేవరకొండ_నాడా:
గొర్ల మిషన్ ఉన్నదున్నట్టు పెట్టకు తమ్ముడూ. జిడ్డు ఉన్నిలకు దూరాలని దాని దువ్వెన పళ్లు ఎడంగ ఉంటయి. గుర్రం ముంగాలి సందుల, డొక్క మడతల తోలు పల్చగ ఉంటది, పళ్ల నడుమకొచ్చి తెగుతది. మిగతాచోట చాళ్లు చాళ్లుగ గీతలు పడ్తయి. కొన్ని కంపెనీల మిషన్లకు ముందు తల మార్చుకునే వీలుంటది. వాళ్లది అట్లాంటిదైతే గుర్రపు తల, గుర్రపు బ్లేడు తెచ్చుకుంటే చాలు.

కొత్తది కొంటే కరెంటుతో నడిచే 200 వాట్ల దరిదాపుల మోటారు చూడు. బ్యాటరీవి చప్పుడు తక్కువ, బెదిరే గుర్రానికి మంచివే. కానీ ఇంత బొచ్చుకు రెండో బ్యాటరీ లేకుంటే పని సగంల ఆగుతది. చేతిల పట్టుకొని చూడనిదే కొనకు. పిడి లావైతే అరగంటకే మణికట్టు గుంజుతది. గాలి జాలీ ఊడదీసి కడిగేటట్టుండాలె.

అసలు విషయం బ్లేడు. రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు మిగిల్చేది తీసుకో. ఒక మిల్లీమీటరు బ్లేడు నున్నగ తీస్తది గానీ దట్టమైన బొచ్చుల ఇరుక్కుంటది, పైగా మన ఎండకు, ఈగలకు తోలు బయటపడ్తది. రెండు సెట్లు ఉంచుకో, ఒకటి మొద్దుబారితే రెండోది పెట్టొచ్చు. ముఖానికి నీ ట్రిమ్మరే చాలు, 10 నంబర్ బ్లేడుతోని (ఒకటిన్నర మిల్లీమీటర్లు మిగిల్చేది). మూతి మీసాలు, చెవుల లోపలి వెంట్రుకలు మాత్రం ముట్టకు.

నల్లగొండ_పశువైద్యం:
బ్లేడు పాడయ్యేది ఎక్కువగా దుమ్ముతోనే. ముందురోజు షాంపూతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి బొచ్చు పళ్లకు అతుక్కుంటుంది, ఎర్రమట్టి రేణువులు అంచును అరగదీస్తాయి. ఐదు పది నిమిషాలకోసారి ఆపి, పళ్ల మీద, బ్లేడు పక్కలకు క్లిప్పర్ నూనె చుక్కలు వేయండి. వంటనూనె వద్దు, జిగురు కడుతుంది. బ్లేడు వెనకవైపు మీ ముంజేతికి ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేని వేడి గుర్రం కూడా ఓర్చుకోదు. బొచ్చు వాలుకు ఎదురుగా, తోలు గుంజి పట్టి, బ్లేడును పడుకోబెట్టి నడపండి.

ఇంకో మాట. బొచ్చు రాలడం పగటి పొడుగును బట్టి ఉంటుంది, ఎండ ముందే ముదిరినంత మాత్రాన తొందరగా రాలదు. కాబట్టి ఇప్పుడు రాలకపోవడం జబ్బు కాదు. మే వచ్చినా రాలకపోతే నట్టలు, మేత లోపం చూడాలి. అదే పదిహేనేళ్లు దాటిన గుర్రానికి బొచ్చు ఉంగరాలు తిరిగి నిలిచిపోతే పిట్యూటరీ గ్రంథి (మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి) జబ్బు అనుమానించి, ఆ గ్రంథి వదిలే ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఎంతుందో చూసే రక్తపరీక్ష చేయిస్తాం.

జడ్చర్ల_సవారీ:
మంచిగ చెప్పిన్రు. బ్లేడు స్క్రూ ఎంత బిగించాలె? మా కొట్టంల వోల్టేజీ కూడా తక్కువనే.

దేవరకొండ_నాడా:
మిషన్‌తోని వచ్చిన కాగితంల ఉన్నదే లెక్క. చాలావాటికి పూర్తిగ బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాలె. కొయ్యకుండ వెంట్రుకను నమిలితే ముందు ఆపి తుడిచి నూనె వెయ్యి, అప్పటికీ నమిలితే పావు చుట్టు బిగియ్యి. అయినా అంతే అంటే సాన తగ్గినట్టు. బిగించుకుంటపోతే వేడెక్కి మోటారు పోతది.

సన్నటి పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు వాడకు, వోల్టేజీ ఇంకా పడిపోతది. మందపుది, పొట్టిది తీసుకో, గిట్టల కిందికి రాకుండ పైనుంచి వేలాడదియ్యి. లీకేజీకి తెగిపడే బ్రేకర్ లేని లైన్ మీద నడపకు.

పని అయినంక రెండు బ్లేడులూ విప్పి బ్రష్ కొట్టి, నూనె గుడ్డల చుట్టిపెట్టు. సాన పట్టించేటప్పుడు పైదీ కిందిదీ జోడీగనే ఇయ్యి, ఒక సెట్‌ది ఇంకో సెట్‌ల కలిస్తే రెండూ కొయ్యవు. కత్తెర్లు సానపట్టేటాయనకు అస్సలే ఇయ్యకు, క్లిప్పర్ బ్లేడు చక్రమున్నోళ్లకే పంపు.