ఎయిర్ రైఫిల్ బ్యారెల్ కొద్దిగా వంగి ఉంటే గురి చెడుతుందా?

నాగోల్ నాన్న:
మా అమ్మాయి రెండేళ్లుగా గచ్చిబౌలి రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. గత నెలలో ఆమె కోసం ఒక పాత రైఫిల్ కొన్నాను. తెలిసిన మెకానిక్ ఒకరు బ్యారెల్‌ను, అంటే తుపాకీ గొట్టాన్ని విప్పి, రెండు చివరలనూ వి-బ్లాకుల (V ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద ఉంచి, నడుమ డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం) ఆనించి మెల్లగా ఒక చుట్టు తిప్పితే ముల్లు 0.2 మిల్లీమీటర్ల మేర కదిలింది. ఇది వంకర బ్యారెల్ అని, దీనితో నడిమి వలయానికి దక్కే పది పాయింట్లు పడవని ఆయన తేల్చేశారు. అమ్మినవారేమో వంపుకూ గురికీ సంబంధమే లేదంటున్నారు. తిరిగి ఇవ్వాలంటే ఆదివారం వరకే గడువు. ఎవరి మాట నమ్మాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గురిగింజ:
నాగోల్ నాన్న గారూ, తిరిగి ఇచ్చేయండి. ఈ పోటీలో పది వలయం వ్యాసం 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. 75 నిమిషాల్లో 60 గుండ్లు కాల్చాలి, ప్రతి గుండుకూ 10.9 దాకా దశాంశాల్లో లెక్క వేస్తారు. ఇంత సూక్ష్మమైన పోటీకి వంకర గొట్టం చేతికిచ్చి పిల్లను పంపడం న్యాయం కాదు. పైగా, వంపు వల్ల నష్టమే లేకపోతే, పూర్వం తుపాకులు తయారుచేసే చోట్ల పనివాళ్లు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి, లోపల పడే నీడ గీతలు ఎక్కడ విరిగాయో చూసి, ఒక్కొక్కదాన్నీ సుత్తితోనో ప్రెస్‌తోనో ఎందుకు సరిచేసేవారు?

బాలానగర్ లేత్:
గురిగింజ గారూ, మీ ప్రశ్న సరైనదే కానీ ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్ గుండ్లు, ఎక్కడ పడుతున్నాయన్నది ఒకటి, అన్నీ ఒకే చోట పడుతున్నాయా అన్నది మరొకటి. మొదటిదాన్ని సైట్ (రైఫిల్ మీద గురి చూసే అమరిక) తిప్పి సరిచేసుకోవచ్చు. రెండోది చెడితే సైట్ ఏమీ చేయలేదు. నునుపైన, స్థిరమైన వంపు మొదటిదాన్నే మారుస్తుందని నా వాదన.

ముందుగా కొలత సంగతి. వంగిన గొట్టాన్ని తిప్పినప్పుడు ముల్లు చూపేది అసలు వంపుకు రెట్టింపు. కాబట్టి ఈ బ్యారెల్ వంపు 0.1 మిల్లీమీటరే. అది కూడా బయటి ఉపరితలానిది. పొడవాటి రంధ్రం తొలిచేటప్పుడు డ్రిల్ పక్కకు జరగడం మా పనిలో రోజూ చూసేదే కాబట్టి, బయట నిటారుగా కనిపించే గొట్టానికి లోపల వంపు ఉండవచ్చు, బయట వంగినదానికి లోపల అంతే వంపు ఉండాలన్న నియమమూ లేదు.

అయినా లోపలా అంతే వంపు ఉందనుకుని లెక్క వేద్దాం. 400 మిల్లీమీటర్ల పొడవులో 0.1 మిల్లీమీటరు వంగిందంటే, అది 200 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఒక ముక్క. రెండు చివరలనూ కలిపే గీతతో పోలిస్తే మూతి చూసే దిశ 10 మీటర్ల దూరంలో 10 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది, అమరికను బట్టి అంతకు రెట్టింపు కూడా కావచ్చు. పది వలయంతో పోలిస్తే అది చాలా ఎక్కువే కానీ ప్రతి పెల్లెట్టూ అంతే పక్కకు పోతుంది, ఎందుకంటే పెల్లెట్ ఏ దిశలో బయటపడాలో నిర్ణయించేది మూతి దగ్గరి చివరి భాగమే.

ఇక పెల్లెట్ వైపు నుంచి చూద్దాం. దాని పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు. ఆ కాస్త పొడవులో అదే వంపు మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నలభయ్యో వంతుకు మించదు. మనం దుకాణంలో తల వ్యాసం 4.49 మిల్లీమీటర్లా, 4.50 మిల్లీమీటర్లా అని ఏరుకునే డబ్బాల మధ్య తేడాయే 10 మైక్రాన్లు. పెల్లెట్‌కు తెలియని వంపు గురించి కంగారుపడి, తెలిసే తేడాలను వదిలేయకూడదు.

గురిగింజ:
లెక్క ఒప్పుకుంటాను, కానీ వంపులన్నీ విల్లులా నునుపుగా ఉండవు. చిన్నప్పుడు మా ఇంట్లో గొట్టం విరిచి పెల్లెట్ పెట్టే స్ప్రింగ్ ఎయిర్‌గన్ ఉండేది. ఒకసారి గొట్టం తెరిచి ఉండగానే ట్రిగ్గర్ నొక్కుకుపోయింది. గొట్టం దభాలున మూసుకుని, మొదలు దగ్గర పైకి వంగిపోయింది. ఆ తరువాత వెనక సైట్‌ను అట్టడుగుకు దించినా పెల్లెట్లు గురి కార్డుకు పైన గోడకే తగిలేవి. అంతకన్నా బాధాకరమైన విషయం, అవి చెల్లాచెదురుగా పడేవి. కళ్లతో చూసిన మాట ఇది. దీన్ని ఏ వృత్తంలో ఇముడుస్తారు?

బాలానగర్ లేత్:
దాన్ని వృత్తంలో ఇమిడ్చడం కుదరదు. మీరు చెప్పింది ఒకేచోట పడిన మడత. మడత పడిన చోట రంధ్రం నొక్కుకుపోతుంది, అక్కడ నలిగి సన్నబడిన పెల్లెట్ ఆ తరువాత గొట్టం లోపలి మెలి గాడులను గట్టిగా పట్టుకోలేదు. ఆ దెబ్బకు మొదలు దగ్గరి కీలు కూడా వదులైతే, గొట్టం మూసిన ప్రతిసారీ వేరే కోణంలో కూర్చుంటుంది. మీ తుపాకీ విషయంలో ఈ రెండూ జరిగి ఉండవచ్చు. కాబట్టి నాగోల్ నాన్న గారు గేజ్ ముల్లును నమ్మి ఆగిపోకుండా ఒక పెల్లెట్‌ను కడ్డీతో లోపలికి నెట్టి చూడాలి. మొదట్లో గాడుల్లోకి ఎక్కేటప్పుడు బిగుతు ఉంటుంది, ఆపైన ఒకే తీరుగా జారాలి. పోటీలకు వాడే చాలా బ్యారెళ్లలో మూతి దగ్గర రంధ్రాన్ని కావాలనే కాస్త ఇరుకు చేస్తారు కనుక చివర్లో మళ్లీ బిగుతు తగిలితే అది లోపం కాదు. నడుమ ఎక్కడైనా బిగిసి, వెంటనే వదులైతే మాత్రం నేను కూడా తిరిగి ఇచ్చేయమనే అంటాను. మూతి అంచు చుట్టూ దూదిపుల్ల తిప్పి చూడండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ లోహం లేచినట్టు, వెనక నుంచి వచ్చే గాలి ఆ చోట పెల్లెట్‌ను ఒక పక్కకు తోస్తుంది.

నన్ను నిజంగా భయపెట్టేది మారుతూ ఉండే వంపు. ఉక్కు ఒక్క డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 16 మిల్లీమీటర్ల లావున్న గొట్టానికి ఒక పక్క కన్నా రెండో పక్క ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, 400 మిల్లీమీటర్ల పొడవుకు 10 మీటర్ల దగ్గర 3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. నడిమధ్యన పడవలసిన పెల్లెట్ తొమ్మిదిలోకి జారిపోతుంది. మన మే నెల ఎండలో కారు కిటికీ పక్కన పెట్టి తెచ్చిన రైఫిల్‌ను, గొట్టం ఎంత నిటారుగా ఉన్నా, కాసేపు నీడలో ఉంచకుండా కాల్చకూడదనేది ఇందుకే. ఈ ప్రమాదం నిటారు గొట్టానికీ వంగినదానికీ సమానమే.

సైనిక్‌పురి:
ఒకే దూరం కాకుండా 20, 40 మీటర్లకు మార్చి మార్చి కాల్చేవారికి పక్క వంపు ఇబ్బంది కాదా?

బాలానగర్ లేత్:
అనుకున్నంత కాదు. సైట్ గీత నుంచి మూతి పక్కకు 1 మిల్లీమీటరు జరిగిందనుకోండి. 20 మీటర్లకు సరిచేసుకుంటే, 40 దగ్గర అదే 1 మిల్లీమీటరు అవతలి వైపుకు తేడా వస్తుంది. వంపు మరీ ఎక్కువైతే మాత్రం సైట్ తిరిగే మేర అయిపోతుంది. గురిగింజ గారు అడిగిన నీడ గీతల పనివాళ్ల శ్రమకు ఒక కారణం అదే.

నాగోల్ నాన్న:
శనివారం రైఫిల్‌ను బిగించి, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో పదేసి చొప్పున ఐదు కార్డులు కాల్చి చూశాము. కడ్డీ నడుమ ఎక్కడా పట్టలేదు, దూదీ చిక్కలేదు. ప్రతి కార్డు మీదా పది పెల్లెట్లూ కలిసి 6 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఒకటే రంధ్రం చేశాయి. కాకపోతే ఆ రంధ్రం సైట్ చూపిన చోటికి కుడివైపున ఉంది. సైట్ తిప్పితే మధ్యకు వచ్చింది, ఇంకా తిప్పడానికి చోటు కూడా మిగిలింది. రైఫిల్ ఉంచుకుంటున్నాము.

గురిగింజ:
సంతోషం. అయితే నా సందేహం పూర్తిగా తీరలేదు. మునుపెప్పుడైనా ఎవరైనా ఆ గొట్టాన్ని ప్రెస్‌లో పెట్టి వంచి ఉంటే, లోహంలో దాగిన బిగువు మెల్లగా విడుదలై వంపు పెరగవచ్చు. ఆరు నెలలకు అదే వి-బ్లాకుల మీద మళ్లీ కొలిపించండి.

బాలానగర్ లేత్:
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కొలిచేటప్పుడు గొట్టం మీద వంపు ఏ వైపు ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ముల్లు ఎంత కదిలిందన్నదే కాదు, ఏ వైపు కదిలిందన్నది కూడా పోల్చుకోవాలి.

నాగోల్ నాన్న:
గుర్తు పెట్టించాను. 0.2 అన్న కొలత, తేదీ, ఆనాటి గది వేడి ఒక చీటీ మీద రాసి పెట్టె మూత లోపల అంటించాను.