ఎడమ మోకాలి నొప్పి: గోల్ఫ్ స్వింగ్‌కు పాదాలను ఎలా పెట్టుకోవాలి?

నేను కుడిచేతి వాటంతో గోల్ఫ్ ఆడతాను. ఎడమ మోకాలి లోపలి వైపు మృదులాస్థి అరిగిందని ఎముకల డాక్టరుగారు చెప్పారు. ఆట మానక్కర్లేదని, మోకాలు మెలిపడకుండా మాత్రం చూసుకోమని అన్నారు. నడకలో గానీ, పటింగ్‌లో (బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించడంలో) గానీ, దగ్గరి నుంచి కొట్టే చిన్న చిప్ షాట్లలో గానీ ఇబ్బంది లేదు. డ్రైవర్‌తో (బంతిని బాగా దూరం కొట్టే పొడవాటి క్లబ్, అంటే గోల్ఫ్ కర్రతో) పూర్తి స్వింగ్ చేసినప్పుడు, బంతిని కొట్టిన మరుక్షణం బరువంతా ఎడమ కాలి మీదికి వచ్చి, పాదం నేలకు అతుక్కుని ఉండగానే తుంటి లక్ష్యం వైపు తిరిగిపోయే చోట, చిప్పకు లోపలి పక్కన సూదితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. ఆరేడు హోల్స్ దాటాక కొద్దిగా వాపు కూడా కనిపిస్తుంది.

స్పైకులు లేని బూట్లకు మారితే కొంత నయమే గానీ, తడి గడ్డి మీద కాలు జారుతోంది. మోకాలి పట్టీ వల్ల నాకు వెచ్చదనం తప్ప మరే ప్రయోజనమూ కనబడలేదు. ఎడమ పాదం వేళ్లను లక్ష్యం వైపు సుమారు 30 డిగ్రీలు తిప్పి నిలబడితే నొప్పి బాగా తగ్గింది. అయితే బ్యాక్‌స్వింగ్‌లో (క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు) భుజాలు పూర్తిగా తిరగక, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చి, బంతి కుడివైపుకు వంపు తిరిగి పోతోంది. అది సరిచేయడానికి కుడి పాదాన్ని రెండంగుళాలు వెనక్కి జరిపితే భుజాలు తిరిగాయి గానీ, కిందికి వచ్చేటప్పుడు తుంటికి దారి లేక నొప్పి మళ్లీ మొదటికొచ్చింది.

ఇలాంటి మోకాలితో ఆడుతున్నవారు దయచేసి చెప్పండి: ఎడమ పాదాన్ని 30 డిగ్రీల దగ్గరే ఉంచి భుజాలు పూర్తిగా తిరగాలంటే, బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమను నేల నుంచి లేవనివ్వడం మేలా, కుడి పాదాన్ని కూడా బయటికి తిప్పి పెట్టడం మేలా?